పాపకి ఆవు మెడ సిరతో కండ్యూట్ వేస్తామన్నారు. జంతు కణజాలం పిల్లల గుండెలో ఎన్నాళ్లు పనిచేస్తుంది?

చిన్నితల్లి_అమ్మ

అందరికీ నమస్కారం. ఇన్నాళ్లూ చదివి వెళ్లిపోయేదాన్ని, ఈసారి అడగక తప్పట్లేదు. మా పాపకి పల్మనరీ అట్రీసియా, దాంతోపాటు వీఎస్‌డీ. కుడి జఠరిక (గుండె కింది గది) నుంచి ఊపిరితిత్తులకి వెళ్లాల్సిన దారి పుట్టుకతోనే మూసుకుపోయి ఉంది, కింది గదుల మధ్య గోడలో రంధ్రం ఉంది. పుట్టిన కొత్తలో షంట్ (ఊపిరితిత్తులకి రక్తం చేరేలా వేసే చిన్న గొట్టం) వేసి నెట్టుకొచ్చారు. ఇప్పుడు పెద్ద ఆపరేషన్ చేద్దామంటున్నారు. రంధ్రానికి ఆవు గుండె మీది పొరతో ప్యాచ్, జఠరిక నుంచి ఊపిరితిత్తుల ధమనికి ఆవు మెడ సిరతో చేసిన కండ్యూట్, అంటే వాల్వున్న గొట్టం.

సర్జన్ గారు ఓపిగ్గానే చెప్పారు. నేనే ఆ గదిలో సగం విన్నాను, సగం వినలేదు. ఇంటికొచ్చాక ప్రశ్నలు మొదలయ్యాయి. ఇది పాపతో పాటు పెరుగుతుందా? ఒంటికి పడక తిప్పికొడుతుందా? రెండూ ఆవువే కదా, మరి ప్యాచ్‌కి "ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు" అని, కండ్యూట్‌కి "మళ్లీ మార్చాల్సి ఉంటుంది" అని ఎందుకన్నారు? ఈ మూడోది నాకు అస్సలు మింగుడుపడట్లేదు.

పెద్దోడి_నాన్న

మొదటి ప్రశ్నకి నేను చెప్పేస్తా, మిగతావి తెలిసినవాళ్లు చెప్తారు. పెరగదమ్మా. అందులో ప్రాణం లేదు. పాప పెరుగుతుంది, గొట్టం అంతే ఉంటుంది.

మావాడిది ట్రంకస్, గుండెలోంచి రెండు పెద్ద ధమనులకి బదులు ఒకటే వచ్చే జబ్బు. చంటివాడిగా ఉన్నప్పుడు వేసింది బడికెళ్లే వయసుకే ఇరుకైపోయింది, మార్చారు. ఇప్పుడు మూతిమీద మీసాలొచ్చాయి, ఆ మార్చింది ఇంకా నడుస్తోంది. "మార్చాలి" అన్న మాట మొదటిసారి విన్నప్పుడు ఆపరేషన్ ఫెయిలైందనుకుని ఇంటిల్లిపాదీ కుమిలిపోయాం. మొదట్నుంచీ ఉన్న లెక్కే అదని మాకెవరూ విడమర్చి చెప్పలేదు. మీకు ముందే చెప్పారంటే మంచి చేతుల్లోనే ఉన్నారు.

థియేటర్_సిస్టర్

నేను పిల్లల గుండె ఆపరేషన్లలో స్క్రబ్ నర్సుని. మీ మూడో ప్రశ్న మంచి ప్రశ్న, చాలామందికి తట్టదు.

వీఎస్‌డీ ప్యాచ్‌కి ఉన్న పని ఒక్కటే, అటు రక్తం ఇటు రాకుండా అడ్డు నిలవడం. కుట్టాక కొన్ని నెలల్లో దానిమీద పాప సొంత కణాలు పలచగా పరుచుకుంటాయి. చుట్టూ ఉన్న గుండె కండరం పెరుగుతుంది కాబట్టి ప్యాచ్ పెరగకపోయినా గోడకి లోటు రాదు. ఏళ్లు గడిచి అందులో కాల్షియం చేరి గట్టిపడినా అడ్డు నిలిచే పని ఆగదు.

కండ్యూట్ లోపల వాల్వ్ ఉంది, దానికి మూడు రేకులు. పాప గుండె నిమిషానికి 120 సార్లు కొట్టుకుంటే రోజుకి 1,72,800 సార్లు ఆ రేకులు తెరుచుకుని మూసుకోవాలి. గట్టిపడితే సరిగా తెరుచుకోవు. చిరిగినా ముడుచుకుపోయినా సరిగా మూసుకోవు. పైగా గొట్టం వెడల్పు అక్కడే ఆగిపోతుంది, దాన్లోంచి పోవాల్సిన రక్తం మాత్రం పాప బరువుతో పాటు పెరుగుతూ పోతుంది.

ఇంకోటి చూడండి. ప్యాచ్‌కి వాడే ఆ ఆవు పొరనే ఊపిరితిత్తుల ధమని కొమ్మల్ని వెడల్పు చేయడానికి కుడితే, అక్కడ మళ్లీ ఇరుకు రావచ్చు. పదార్థం అదే, ఫలితం వేరు. కాబట్టి సర్జన్‌ని అడిగేటప్పుడు "ఏ జంతువుది" అనే కన్నా "ఎక్కడ కుడుతున్నారు, అక్కడ దాని పనేంటి" అని అడగండి. సగం సందేహాలు అక్కడే తీరతాయి.

ల్యాబ్_పిల్లి

సిస్టర్ గారు చెప్పినదానికి నా వంతు. నేను డాక్టర్ని కాను. ఇలాంటి పదార్థాల మీద ల్యాబ్‌లో పనిచేస్తాను, గొర్రెలకీ ఎలుకలకీ పెట్టి ఏమవుతుందో చూస్తుంటాం. "తిప్పికొడుతుందా" అన్నది నా సబ్జెక్టు కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిక పట్టండి.

1965లో పారిస్‌లో జాన్-పాల్ బినె బృందం పంది గుండె వాల్వుని మనిషికి పెట్టింది. అప్పట్లో వాటిని నిల్వచేసే రసాయనాలు వేరు. కొన్నేళ్లు తిరక్కుండానే వాపు, చిరుగులు. అదే బృందంలోని అలాన్ కార్పెంటియే 1968లో గ్లూటరాల్డిహైడ్ వాడటం మొదలుపెట్టారు. తోళ్లు పదును చేసేవాళ్లకి అప్పటికే తెలిసిన రసాయనం అది. పచ్చి చర్మం రెండ్రోజుల్లో కుళ్లిపోతుంది, పదును చేసిన తోలు ఏళ్లతరబడి ఉంటుంది చూడండి, ఇక్కడ జరిగేదీ అదే. కొల్లాజెన్ పోగుల మధ్య గట్టి బంధాలు పడతాయి, కణాలు చచ్చిపోతాయి, మన శరీరం "ఇది నాది కాదు" అని పసిగట్టే ప్రోటీన్లు చాలావరకు మరుగున పడతాయి. అందుకే కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లలా జీవితాంతం ఇమ్యూనిటీని అణిచే మందులు మీ పాపకి అక్కర్లేదు.

"చాలావరకు" అన్నాను, పూర్తిగా అనలేదు. ఆవు, పంది కణాల మీద ఆల్ఫా-గాల్ అనే చక్కెర అణువు ఉంటుంది. మనుషుల్లో ఉండదు. మన పేగుల్లోని బ్యాక్టీరియా మీద అలాంటిదే ఉండటంతో, దానికి వ్యతిరేకంగా యాంటీబాడీలు పసితనంలోనే తయారవడం మొదలవుతుంది. గ్లూటరాల్డిహైడ్ ఈ చక్కెరని పూర్తిగా కప్పలేదు. కాబట్టి ఒక్కసారిగా తిప్పికొట్టడం ఉండదు గానీ, లోలోపల సన్నగా ఒక గొడవ నడుస్తూనే ఉంటుంది.

అసలు శత్రువు కాల్షియం. కణం బయట ఉండే కాల్షియం లోపలి కన్నా దాదాపు పదివేల రెట్లు ఎక్కువ. బతికున్న కణం దాన్ని ఎప్పటికప్పుడు బయటికి తోడేస్తుంది. చచ్చిన కణం తోడలేదు. లోపలికొచ్చిన కాల్షియం కణం పొరలోని కొవ్వుల్లో ఉన్న ఫాస్ఫరస్‌తో కలిసి స్ఫటికాలు కడుతుంది. ఎముకలో ఉండే ఖనిజం జాతే అది. గ్లూటరాల్డిహైడ్‌లో బంధం పడకుండా మిగిలిపోయిన కొసలు కూడా ఈ పనికి సాయపడతాయి. రేకు ఎక్కడ ఎక్కువగా వంగుతుందో అక్కడ ఇంకా త్వరగా మొదలవుతుంది.

పిల్లల్లో ఎందుకు ఎక్కువంటే, ఎముకలు పెరిగే వయసు కాబట్టి ఒంట్లో కాల్షియం, ఫాస్ఫరస్ రాకపోకలు జోరుగా ఉంటాయి. ఇమ్యూనిటీ కూడా పదునుగా ఉంటుంది. 1970లలో పంది వాల్వుల్ని పిల్లలకి పెట్టినప్పుడు ఈ తేడా బయటపడింది. ముసలివాళ్లలో పదేళ్లు పైబడి నడిచిన వాల్వే పిల్లల్లో కొద్ది ఏళ్లకే రాయిలా అయిపోయింది.

ఇప్పుడు కంపెనీలు కొవ్వుని ఆల్కహాల్‌తో కడిగేయడం, మిగిలిన ఆల్డిహైడ్ కొసల్ని మూసేయడం లాంటివి చేస్తున్నాయి. పెద్దల్లో బాగా పనిచేస్తున్నవీ ఉన్నాయి. పెద్దల ఫలితాలు చూపించి "పిల్లలకీ ఇంతే" అనే బ్రోషర్ ఎదురైతే మాత్రం పక్కన పెట్టండి.

మొండి_ప్రశ్న

అంటే పాడవుతుందని తెలిసీ పెడుతున్నారన్నమాట. లోహపు వాల్వులున్నాయి. సింథటిక్ గొట్టాలున్నాయి. దానం చేసిన మనుషుల వాల్వులున్నాయి. ఇన్నుండగా ఆవే ఎందుకు? ఎవరి సౌకర్యం కోసం?

థియేటర్_సిస్టర్

సౌకర్యం మాట ఎలా ఉన్నా, ఒక్కొక్కటీ చూద్దాం.

లోహపు వాల్వ్ అరగదు, నిజమే. కానీ దానిమీద రక్తం గడ్డకడుతుంది, రోజూ రక్తం గడ్డకట్టనివ్వని వార్ఫరిన్ మందు వేయాలి, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టే వేగం చూసే పరీక్ష) కోసం మాటిమాటికీ రక్తం తీయాలి. పరుగులు పెట్టే పిల్లలు, పడిపోయే పిల్లలు, పాలు మారితే మోతాదు మారిపోయే పిల్లలు. ఊపిరితిత్తుల వైపు ఒత్తిడి తక్కువ, అక్కడ గడ్డకట్టే భయం ఇంకా ఎక్కువ. పసిపిల్లల మైట్రల్ వాల్వ్ (గుండె ఎడమవైపు రెండు గదుల మధ్యది) పూర్తిగా పాడై వేరే దారి లేనప్పుడు లోహానిదే పెడతారు. 15 మిల్లీమీటర్ల బుల్లి వాల్వుకి అమెరికా ఎఫ్‌డీఏ 2018లో అనుమతి ఇచ్చింది. మీ పాపకి కావాల్సిన చోటు అది కాదు.

దానం చేసిన మనిషి వాల్వ్, హోమోగ్రాఫ్ట్ అంటాం. ఈ కథలో మొదటి మెట్టే అది. 1966లో డొనాల్డ్ రాస్, జేన్ సోమర్‌విల్ కలిసి దాన్ని వేసింది సరిగ్గా పల్మనరీ అట్రీసియా ఉన్న బిడ్డకే. ఇప్పటికీ దొరికితే దానికే మొగ్గుచూపే సర్జన్లు చాలామంది. దొరకడమే కష్టం. పసిపాప సైజు వాల్వ్ కావాలంటే ఇంకో పసిపాప చనిపోయి ఉండాలి, ఆ తల్లిదండ్రులు ఆ స్థితిలో ఒప్పుకుని ఉండాలి. కొన్నిసార్లు పెద్ద సైజు హోమోగ్రాఫ్ట్‌ని తెచ్చి, ఒక రేకు తీసేసి, మిగతాదాన్ని చిన్నగా కుట్టి వాడతారు.

ఆవు మెడ సిర అయితే లోపల దాని సొంత వాల్వుతోనే వస్తుంది, 12 నుంచి 22 మిల్లీమీటర్ల దాకా సైజులుంటాయి. వాల్వుకి అటూ ఇటూ గొట్టం పొడుగ్గా ఉంటుంది కాబట్టి జఠరిక వైపు వాలుగా కోసుకుని, వేరే గుడ్డ అతికించకుండా నేరుగా కుట్టొచ్చు. చేతిలో మెత్తగా, సూదికి లొంగేలా ఉంటుంది. డబ్బాలోంచి తీసి, రసాయనం పోయేలా సెలైన్ గిన్నెల్లో మార్చి మార్చి కడుగుతాం. కుట్టడం పూర్తయ్యేదాకా ఆరిపోనివ్వకూడదు, అది నా డ్యూటీ. ఎవరైనా తొందరపెడితే గసిరేస్తాను, సర్జనైనా సరే :)

ల్యాబ్_పిల్లి

ఒకటి కలుపుతాను. హోమోగ్రాఫ్ట్ మనిషిదే కాబట్టి ఒంటికి పడుతుందనుకోవద్దు. అది గ్లూటరాల్డిహైడ్‌లో పదునైనది కాదు, బాగా చల్లబరిచి గడ్డకట్టించి నిల్వ చేసింది. దాత కణాల మీది హెచ్‌ఎల్‌ఏ గుర్తులకి (ఎవరి కణమో చెప్పేవి) బిడ్డ ఒంట్లో యాంటీబాడీలు పుట్టొచ్చు. ఈ బిడ్డకే ఎప్పుడైనా గుండె మార్పిడి అవసరమైతే, సరిపడే దాతని వెతకడం అప్పుడు కష్టమవుతుంది. ఆవు సిరలో మనిషి హెచ్‌ఎల్‌ఏ ఉండదు కాబట్టి ఆ బెడద లేదు. గుండెలో ఒకటే జఠరిక పనిచేసే పిల్లల విషయంలో, అంటే ఎప్పటికైనా మార్పిడి దాకా వెళ్లొచ్చనుకునేవాళ్లలో, ఇది పెద్ద విషయమే.

సింథటిక్‌ని తీసిపారేయడానికి లేదు. గోర్‌టెక్స్ రకం ఈపీటీఎఫ్ఈ అనే ప్లాస్టిక్ పొరతో రేకులు కత్తిరించి, గొట్టంలో చిన్న ఉబ్బులు పెట్టి జపాన్‌లో చేస్తున్న కండ్యూట్ల ఫలితాలు చాలా బాగున్నాయి. జంతువు లేదు, ఆల్ఫా-గాల్ లేదు. పెరగకపోవడం మాత్రం దానికీ తప్పదు.

పెద్దోడి_నాన్న

నాదొక పాత సందేహం. బిడ్డ గుండె మీద కూడా పొర ఉంటుంది కదా. ఛాతీ తెరవగానే ముందు కనిపించేది అదేనట. దాన్నే కోసి వాడుకుంటే ఆవుతో పనేంటి?

థియేటర్_సిస్టర్

వాడతాం అన్నా. ఛాతీ తెరవగానే ఒక ముక్క కోసి, తడి గుడ్డ మీద చదునుగా పరిచి ఉంచుతాం. కొందరు సర్జన్లు అలాగే పచ్చిగా వాడతారు, కొందరు గ్లూటరాల్డిహైడ్‌లో కొన్ని నిమిషాలు ముంచి గట్టిపరుస్తారు. చిన్న రంధ్రాలకి చక్కగా సరిపోతుంది. జపాన్ సర్జన్ షిగెయుకి ఒజాకీ పద్ధతిలో బృహద్ధమని వాల్వ్ రేకులు మూడింటినీ ఈ సొంత పొరతోనే కత్తిరించి కుడతారు.

రెండు చిక్కులు. పసిపిల్లల్లో ఆ పొర చిన్నది, పలచనిది, పెద్ద పనికి చాలదు. రెండోసారి ఛాతీ తెరిచేటప్పటికి అది మొదటిసారే వాడేసి ఉంటారు, లేకపోతే చుట్టుపక్కలవాటికి అతుక్కుపోయి ఉంటుంది. సొంతదే అయినా కోసిన క్షణం నుంచి దానికి రక్త సరఫరా లేదు. కాబట్టి సొంత పొర కదా, పెరుగుతుందిలే అని లెక్కేసుకోకండి.

పేరు_వద్దులే

అడగడానికి మొహమాటంగా ఉంది. మా ఇంట్లో పెద్దవాళ్లు జంతువుది, అందులోనూ ఆవుది అంటే ససేమిరా అంటున్నారు. ఇంకో కుటుంబం పందిదైతే వద్దందని విన్నాను. ఇవి డాక్టర్లకి చెప్పుకోవచ్చా? నవ్వరా? ఇంకొకటి, ఆవుల్లో పిచ్చి జబ్బు వస్తుందంటారు కదా, అది అంటుకోదా?

థియేటర్_సిస్టర్

నవ్వరు. నవ్వితే డాక్టర్ని మార్చండి. ఆపరేషన్‌కి బాగా ముందే చెప్పాలి, అంతే. సొంత పొర, ఈపీటీఎఫ్ఈ, డాక్రాన్ అనే సింథటిక్ గుడ్డ, హోమోగ్రాఫ్ట్, వీటిలో ఏదైనా ఆ చోటికి పనికొస్తుందేమో చూసి చెప్తారు. చాలా మత సంప్రదాయాల్లో ప్రాణం కాపాడటానికి, వేరే దారి లేనప్పుడు అనుమతి ఉంది. మీరు నమ్మే పెద్దల్ని నేరుగా అడిగి తెలుసుకోండి, ఇంట్లో ఊహించుకుని కొట్టుకోవద్దు. ఒకటి గుర్తుంచుకోండి. లోపల అనుకోనిది ఎదురైతే బల్ల మీద ఏది అందుబాటులో ఉంటే అది కుట్టాల్సి వస్తుంది. అప్పుడేం చేయాలన్నది కూడా సంతకం పెట్టేముందే తేల్చుకోండి.

ల్యాబ్_పిల్లి

పిచ్చి ఆవు జబ్బు గురించి: ఆ జబ్బు తెచ్చేది ప్రయాన్ అనే ప్రోటీన్. గ్లూటరాల్డిహైడ్ వైరస్‌లనీ బ్యాక్టీరియానీ చంపుతుంది గానీ ప్రయాన్ దానికి లొంగదు. అందుకే తయారీదార్లు మందుల మీద ఆధారపడకుండా మంద దగ్గరే జాగ్రత్త పడతారు. ఆ జబ్బు ముప్పు చాలా తక్కువని గుర్తింపు ఉన్న దేశాల్లో, ఏ ఆవు ఎక్కడ పుట్టిందో ఏం తిన్నదో రికార్డులున్న మందల నుంచే తీసుకుంటారు. ప్రయాన్లు పోగుపడేది ముఖ్యంగా మెదడు, వెన్నుపాములో. గుండె పొర, మెడ సిర ఆ జాబితాలో కింద ఉంటాయి.

మోడరేటర్

ఎవరో రిపోర్టుల ఫొటోలు పెట్టారు, బిడ్డ పేరూ ఆసుపత్రి పేరూ కనిపిస్తున్నాయి. తీసేశాను. పేర్లు లేకుండా రాయండి. చర్చ బాగుంది, కొనసాగించండి.

కొత్త_చిగురు

చిన్నితల్లి అమ్మగారూ, నేను వేరేగా ఆలోచిస్తున్నాను. జంతువు కణాలన్నీ కడిగేసి ఉత్త అచ్చు మిగిల్చి, దాన్లో బిడ్డ కణాలే చేరి పెరిగేలా చేసే వాల్వులు వస్తున్నాయట. ఇంకో రెండేళ్లు ఆగితే జీవితాంతం సరిపోయేది దొరుకుతుందేమో కదా? తొందరెందుకు?

ల్యాబ్_పిల్లి

దీనికి నేను జవాబివ్వకుండా ఉండలేను.

మీరు చెప్పిన ఆలోచన నిజంగానే అందమైనది. 2001లో యూరప్‌లో సరిగ్గా ఆ ఆశతోనే సైనర్‌గ్రాఫ్ట్ అనే పంది వాల్వుని పిల్లలకి వేశారు. కణాలు తీసేసిన వాల్వ్ అది, గ్లూటరాల్డిహైడ్ లేదు. 2003లో వియన్నా వైద్యులు తమ ఫలితాలు ప్రచురించారు. నలుగురు పిల్లలకి పెడితే ముగ్గురు చనిపోయారు. ఒక బిడ్డ ఏడో రోజునే, వాల్వ్ చిరిగి. నాలుగో బిడ్డకి ముందు జాగ్రత్తగా రెండో రోజే తీసేశారు. తీసిన వాల్వుల్ని పరీక్షిస్తే తీవ్రమైన వాపు కనిపించింది. పెట్టని కొత్త వాల్వుల్ని చూస్తే కణాలు పూర్తిగా పోనేలేదు. గొర్రెల్లో మాత్రం అంతకుముందు చక్కగా పనిచేసింది. గొర్రెల ఒంట్లో కూడా ఆల్ఫా-గాల్ ఉంటుంది, వాటికి దానిమీద యాంటీబాడీలు ఉండవు. మనిషిలో ఏమవుతుందో గొర్రె ఎలా చెప్తుంది?

మా ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లకి మొదట చదవమని ఇచ్చేది ఆ పేపరే.

పంది చిన్నపేగు గోడ నుంచి చేసే ప్యాచ్ కూడా ఇదే కోవది. కణాలుండవు, గ్లూటరాల్డిహైడ్ ఉండదు, బిడ్డ కణాలు వచ్చి చేరతాయని ఆశ. ప్యాచ్‌గా కొన్నిచోట్ల ఫరవాలేదు, రేకులుగా కత్తిరించి వాల్వ్ చేసినచోట వాపు, గట్టిపడటం కనిపించాయి. మళ్లీ సిస్టర్ గారు చెప్పిన మాటే, ఎక్కడ కుట్టారన్నది.

ఆశ లేదని కాదు. 2016లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్లు గొర్రె చర్మకణాలతో ల్యాబ్‌లో గొట్టం అల్లించి, తర్వాత కణాలు కడిగేసి, గొర్రెపిల్లల ఊపిరితిత్తుల ధమనిలో పెట్టారు. పిల్లలు పెద్దవైతే గొట్టమూ పెరిగింది. జంతువుల్లో అంతదాకా వచ్చింది. ఇక మనుషుల్లో నిజంగా పెరిగేది ఒకటుంది. 2022లో అమెరికాలోని డ్యూక్ ఆసుపత్రిలో ట్రంకస్ ఉన్న ఒక నవజాత శిశువుకి, దాత గుండెలోంచి బతికున్న వాల్వులున్న భాగం మాత్రమే మార్చారు. పాక్షిక గుండె మార్పిడి అంటున్నారు. వాల్వులు బిడ్డతో పాటు పెరిగాయి. దానికి ఇమ్యూనిటీని అణిచే మందులు కావాలి, పసి దాత కావాలి.

వీటికోసం పాప ఆగలేదు. షంట్ మీద నడిచే పిల్లలు పెరిగేకొద్దీ నీలంగా మారతారు, షంట్ మూసుకుపోయే భయం రోజూ ఉంటుంది. ఆగడం వల్ల అయ్యే ఖర్చు కూడా లెక్కలో వేయండి.

కొత్త_చిగురు

సరే. ఆ వియన్నా సంగతి నాకు తెలియదు. ఎవరూ చెప్పరేం ఇవి?

కుట్ల_గీత

నేను అటువైపు నుంచి మాట్లాడతాను, అంటే బల్ల మీద పడుకున్న వైపు నుంచి. పల్మనరీ అట్రీసియా, వీఎస్‌డీ. చిన్నప్పుడు హోమోగ్రాఫ్ట్, తర్వాత ఆవు సిర. ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నా, మెట్లు ఎక్కుతా, అందరిలాగే సోమవారాల్ని తిట్టుకుంటా.

అమ్మగారూ, ప్రతి మార్పూ ఛాతీ కోసే చేయాలని లేదు. నా కండ్యూట్ ఇరుకైనప్పుడు తొడ దగ్గరి రక్తనాళంలోంచి క్యాథెటర్ పంపి పాత కండ్యూట్ లోపలే కొత్త వాల్వ్ విప్పారు. ఆ వాల్వ్ కూడా ఆవు మెడ సిరదే, లోహపు స్టెంట్ లోపల కుట్టి ఉంటుంది. ఫిలిప్ బాన్‌హోఫర్ 2000లో పారిస్‌లో మొదట చేసింది పన్నెండేళ్ల అబ్బాయికి, అతనిదీ మన జబ్బే. మెలడీ అన్న పేరుతో అమెరికాలో 2010లో అనుమతి వచ్చింది. క్యాథెటర్ లావుగా ఉంటుంది కాబట్టి పసిపిల్లలకి కుదరదు, బరువు కొంత పెరగాలి. స్టెంట్ విప్పితే పక్కనున్న, గుండె కండరానికి రక్తమిచ్చే కరొనరీ ధమని నొక్కుకుంటుందేమో ముందు బెలూన్ ఉబ్బించి చూస్తారు. కొందరికి అలా నొక్కుకుంటుందని తేలి ఆపేస్తారు, అది కూడా తెలిసుండాలి.

ఇక నేను చెప్పాలనుకున్న అసలు సంగతి పళ్లు. నవ్వకండి. ఆవు సిర కండ్యూట్లకి హోమోగ్రాఫ్ట్ కన్నా ఎండోకార్డైటిస్, అంటే లోపల ఇన్ఫెక్షన్ పట్టడం, ఎక్కువని చాలా అధ్యయనాల్లో వచ్చింది. నోట్లోంచి రక్తంలోకి దిగిన బ్యాక్టీరియా ఆ రేకుల మీద తిష్ఠవేస్తుంది. మొదటి పన్ను రాగానే తోమడం మొదలుపెట్టండి. పన్ను పీకించాలన్నా చిగుళ్ల పని చేయించాలన్నా ముందు యాంటీబయాటిక్ మోతాదు ఉంటుంది, పళ్ల డాక్టరుకి మీరే గుర్తుచేయాలి. పెద్దయ్యాక ముక్కు కుట్టించుకుంటా, టాటూ వేయించుకుంటా అంటే కూడా ముందు గుండె డాక్టర్ని అడగాల్సిందే. నాకు టాటూ వద్దన్నారు, ఇంకా కోపంగానే ఉంది.

చిన్నితల్లి_అమ్మ

మీ అందరికీ ఎలా చెప్పాలో తెలియట్లేదు. కుట్ల_గీత గారు రాసింది మా ఆయనకి చదివి వినిపించాను.

నిన్న మళ్లీ సర్జన్ గారిని కలిశాం. ఈసారి ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్లాను. 12 గానీ 14 గానీ వేస్తామన్నారు, లోపల చూసి నిర్ణయిస్తారట. నేను అడగలేకపోయింది ఇది: ఎలాగూ పెరగదు కదా, ఏకంగా 22 వేసేస్తే మళ్లీ మార్చే పనే ఉండదు కదా?

థియేటర్_సిస్టర్

ప్రతి తల్లీ తండ్రీ అడిగేదే. కొంచెం పెద్దది వేస్తారు, పాప ఒంటి కొలతకి ఉండాల్సిన దానికన్నా కాస్త ఎక్కువ సైజు. అంతకుమించితే చిక్కు. పాప ఛాతీలో, రొమ్ము ఎముక వెనక, ఆ గొట్టానికి ఉన్న చోటు చాలా తక్కువ. పెద్ద గొట్టం పెడితే ఎముక మూసేటప్పుడు నలిగిపోతుంది, లేకపోతే మెలిక పడుతుంది, లేకపోతే కరొనరీని నొక్కుతుంది. అవతలి కొసలో పాప ధమని 6, 7 మిల్లీమీటర్లే ఉంటే అక్కడ ఒక్కసారిగా గొట్టం సన్నబడుతుంది, రక్తం సుడి తిరుగుతుంది. ఆవు సిర కండ్యూట్లు ఇరుకయ్యేది ఎక్కువగా ఆ అవతలి కుట్టు దగ్గరే. ధమనులు బాగా సన్నగా ఉండి ఒత్తిడి ఎక్కువైతే సిర గోడ ఉబ్బిపోయి వాల్వ్ లీకవడం కూడా ఉంది. సిర కదా, ఎక్కువ ఒత్తిడికి పుట్టింది కాదు.

తర్వాత ఎకోల్లో మీరు చూడాల్సిన అంకె ఒకటి చెప్తాను. కండ్యూట్‌లో రక్తం వేగం సెకనుకి ఇన్ని మీటర్లని రాస్తారు. ఆ అంకెని దానితోనే గుణించి, మళ్లీ 4తో గుణిస్తే ఒత్తిడి తేడా ఉజ్జాయింపుగా వస్తుంది. 2 ఉంటే 16. 3 ఉంటే 36. 4 ఉంటే 64. చూడటానికి ఒకటే పెరిగినట్టుంటుంది గానీ గుండె మీద భారం అలా పెరగదు. ఒక ఎకోలో ఎంతుందన్న దానికన్నా, ఒకదాన్నుంచి ఇంకోదానికి ఎంత వేగంగా పెరిగిందన్నదే డాక్టర్లు ఎక్కువ చూస్తారు. పాత రిపోర్టులు పారేయొద్దు.

మొండి_ప్రశ్న

ఈ గుణకారం ఎవరైనా ముందే చెప్పి ఉంటే మేం మూడుకీ నాలుగుకీ తేడా చిన్నదేగా అని ఊరుకునేవాళ్లం కాదు. సిస్టర్ గారూ, థాంక్స్. వెటకారంగా కాదు, నిజంగానే.

పెద్దోడి_నాన్న

చిన్నితల్లి అమ్మా, ఇంకోటి. ఆపరేషన్ తర్వాత మావాడికి కొన్నాళ్లు చిన్న మోతాదు ఆస్పిరిన్ ఇచ్చారు. ఆ రోజుల్లో ఇంటిపక్క పిల్లాడికి ఆటలమ్మ పోసింది. ఆస్పిరిన్ మీద ఉన్న పిల్లలకి ఆటలమ్మగానీ ఫ్లూగానీ వస్తే రేయ్ సిండ్రోమ్ అని మెదడుకీ కాలేయానికీ ప్రమాదం ఉంటుందని అప్పుడే తెలిసింది. వెంటనే ఫోన్ చేశాం, ఏం చేయాలో వాళ్లు చెప్పారు. మీకూ ఆస్పిరిన్ రాస్తే టీకాల సంగతి, ఈ సంగతి రెండూ డిశ్చార్జికి ముందే అడిగేయండి.

చిన్నితల్లి_అమ్మ

రాసుకున్నాను అన్నా. మరి మామూలు జ్వరమొస్తే? పిల్లలకి జ్వరాలు రాకుండా ఉండవు కదా. ప్రతిదానికీ పరిగెత్తాలా?

కుట్ల_గీత

మా అమ్మ పద్ధతి చెప్తా. ముక్కు కారుతూ, దగ్గుతూ వచ్చిన జ్వరమైతే పిల్లల డాక్టరు. కారణం కనిపించకుండా వచ్చి, తగ్గి, మళ్లీ వచ్చే జ్వరమైతే నేరుగా గుండె డాక్టరు. మీ డాక్టరు ఎన్ని డిగ్రీలకి, ఎన్ని రోజులకి రమ్మంటారో అడిగి ఫ్రిజ్ మీద అంటించుకోండి.

థియేటర్_సిస్టర్

దానికి ఒక్కటి జోడిస్తాను. కారణం తెలియని జ్వరానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందు బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) తీయాలి, అదీ ఒకటికి మించి. ఒక్క డోసు పడ్డాక తీస్తే క్రిమి దొరక్కపోవచ్చు, కండ్యూట్‌లో ఇన్ఫెక్షన్ ఉన్నా రిపోర్టు శుభ్రంగా వస్తుంది. కొత్త డాక్టరుకి పాప లోపల ఏముందో తెలియదు. "గుండెలో ఆవు సిర కండ్యూట్ ఉంది, ముందు కల్చర్ తీయండి" అని మీరే చెప్పండి. ఆపరేషన్ రోజు మేం డబ్బా మీది స్టిక్కర్ తీసి ఫైల్లో అంటిస్తాం, రకం, సైజు, సీరియల్ నంబరు అందులో ఉంటాయి. ఇంప్లాంట్ కార్డు అడిగి తీసుకుని రెండువైపులా ఫోన్లో ఫొటో తీసి పెట్టుకోండి. మీ ఆయన ఫోన్లో కూడా.